జుబ్బా ముడి ముందుకా, వెనక్కా?

పురిటి బిడ్డ ఒంట్లో అన్నిటికన్నా పెద్ద చుట్టుకొలత తలది. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల సుమారు 33 నుంచి 35 సెంటీమీటర్లు ఉంటే, ఛాతీ దానికన్నా ఓ రెండు సెంటీమీటర్లు తక్కువే ఉంటుంది. పైగా మెడ నిలవదు. తలమీంచి తొడిగే చొక్కా ఎంత ముద్దొచ్చేదైనా ముందు ఆ తలను దాటాలి. దాటుతున్నంతసేపూ తల్లి ఒక చెయ్యి బిడ్డ మెడ కిందే ఉండాలి. రెండో చేత్తో చొక్కా కిందికి లాగాలి, బిగించిన పిడికిలి ఎక్కడుందో వెతికి పట్టుకుని చేతిలోంచి బయటికి తియ్యాలి. ఈలోగా బిడ్డ వీధి చివరిదాకా వినపడేలా ఏడుస్తుంది.

తెలుగిళ్లలో చంటిపిల్లలకు కుట్టే జుబ్బా ఈ అవస్థనంతా ఒక్క కత్తిరింపుతో తీర్చేసింది. నిలువునా తెరిచి ఉంటుంది కనుక పరుపు మీద పరిచి, బిడ్డను దానిమీద పడుకోబెట్టి, చేతులు దూర్చి, ముడి వేస్తే పని అయిపోయినట్టే. తలతో పనే లేదు.

ఆ ముడి ఎటు ఉండాలన్నది మాత్రం తెగని తగువు. బజారులో వెనక ముడి ఉన్నవే ఎక్కువ దొరుకుతాయి. ముందువైపు నున్నగా ఉంటుంది, ఏనుగు బొమ్మో బాతు బొమ్మో చక్కగా కనపడుతుంది, ఫొటో బాగా వస్తుంది. కానీ కొత్తగా పుట్టిన బిడ్డ రోజులో ఎక్కువసేపు వెల్లకిలా పడుకునే ఉంటుంది. ఆ ముడులన్నీ వెన్ను కిందే నలుగుతాయి. పక్కలో చిన్న గింజ తగిలినా పెద్దవాళ్లు లేచి దులుపుకుంటారు, బిడ్డకు ఆ వీలు లేదు. అందుకే ముందుకో పక్కకో ముడి ఉన్న జుబ్బా నయం. ముడి వేశాక దారం వేలెడుకు మించి వేలాడకూడదు, మెడ దగ్గర అసలు దారమే లేకపోతే ఇంకా మంచిది. ఏడేళ్లలోపు పిల్లల బట్టలకు తల దగ్గర, మెడ దగ్గర లాగి బిగించే తాళ్లు ఉండకూడదని ఐరోపా ప్రమాణాలు చెబుతున్నాయి. అమెరికాలో ఇలాంటి మార్గదర్శకాలు 1996లోనే వచ్చాయి. తాడు ఎక్కడో చిక్కుకుని పిల్లల ప్రాణాలు పోయిన సంఘటనలు వాటికి కారణం.

జుబ్బా కాకుండా బనియన్ గుడ్డతో కుట్టిన ఒంటిచొక్కాలు కొనేవాళ్లు భుజాల దగ్గర ఒకసారి చూడాలి. అక్కడ రెండు పొరలు ఒకదానిమీద ఒకటి ఎక్కి, కవరు మూతలా విడివడేలా ఉంటాయి. చాలామంది అది అలంకారం అనుకుంటారు. నిజానికి మెడ వెడల్పు చేయడానికి పెట్టిన ఏర్పాటది. ఇంకో ఉపయోగం కూడా ఉంది. డైపర్ దాటి వీపుదాకా విరేచనం పాకినప్పుడు ఆ చొక్కాను పైకి తీస్తే బిడ్డ జుట్టంతా పాడవుతుంది. భుజాలు విప్పి కాళ్లవైపు నుంచి కిందికి లాగెయ్యవచ్చు. ఈ సంగతి లేబుల్ మీద ఎవరూ రాయరు.

కాళ్ల మధ్య టిచ్ బటన్లు ఉన్నవి పగటిపూట బాగానే ఉంటాయి. రాత్రి రెండింటికి, నిద్రమత్తులో, గుడ్డి వెలుతురులో ఆ బటన్లు ఒక జత తప్పాయంటే మళ్లీ మొదటికి రావాలి. కిందినుంచి తెరుచుకునే జిప్పు ఉన్నది ఆ వేళకు హాయి, ఛాతీ కప్పి ఉండగానే లంగోటీ మార్చవచ్చు. అయితే జిప్పు లోపలివైపు పట్టీ ఉండాలి, పైన గడ్డం దగ్గర దానికి చిన్న టోపీలా గుడ్డ ముక్క ఉండాలి. లేకపోతే ఆ లోహమో ప్లాస్టిక్కో లేత చర్మానికి గీరుకుంటుంది.

పురుడు వెళ్లేదాకా కొత్తబట్ట తొడగకూడదన్న ఆనవాయితీ చాలా ఇళ్లలో ఉంది. తాతగారి పాత పంచె, అమ్మమ్మ కట్టి కట్టి మెత్తబడ్డ నూలుచీర చింపి పొత్తిగుడ్డలు చేస్తారు. దీన్ని మూఢనమ్మకమని కొట్టేసేవాళ్లు కాస్త మరమగ్గం దాకా వెళ్లి చూడాలి. నేతలో పడుగుదారం తెగకుండా గంజి పెడతారు. బట్ట తయారయ్యాక ముడతలు పడకుండా రసాయనాల పూత వేస్తారు, అలాంటి కొన్ని పూతల నుంచి ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది, అది చర్మానికి పడదు. ఉతికేకొద్దీ ఈ సరంజామా వదిలిపోతుంది. వందసార్లు నీళ్లు తాగిన పంచె మెత్తగా ఉండటానికి కారణం ఇదే. ఓకో-టెక్స్ ముద్ర ఇచ్చే సంస్థ మూడేళ్లలోపు పిల్లల బట్టలను వేరే తరగతిగా పెట్టి, వాటికే అన్నిటికన్నా కఠినమైన పరీక్షలు పెడుతుంది. కొన్ని అజో రంగుల వాడకాన్ని మన దేశం 1997లోనే నిషేధించింది. ముద్ర ఉన్నా లేకపోయినా, కొత్తబట్టను ఒకటికి రెండుసార్లు ఉతికి తొడగడం మాత్రం ఎవరి చేతుల్లోనైనా ఉన్న పని.

పాతబట్టకూ ఒక గండం ఉంది. అది ట్రంకుపెట్టెలో ఉంటుంది.

మొదటి బిడ్డ జుబ్బాలు, మేనమామ చిన్నప్పటి స్వెట్టరు, దాచిపెట్టిన బొంత, అన్నీ కలరా ఉండల మధ్య ఏళ్ల తరబడి నిద్రపోతాయి. పురిటినాటికి వాటిని తీసి, ఆ వాసనతోనే బిడ్డకు తొడుగుతారు. ఆ ఉండల్లో చాలావరకు ఉండేది నాఫ్తలీన్. కొందరు పిల్లలకు పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. ఎక్స్ క్రోమోజోము ద్వారా వచ్చే లోపం కనుక మగపిల్లల్లో ఎక్కువ. అలాంటి బిడ్డ ఈ ఆవిరిని పీల్చినా, చర్మం ద్వారా అది ఒంట్లోకి చేరినా ఎర్ర రక్తకణాలు విరిగిపోతాయి. కామెర్లు ముదిరి మెదడు దెబ్బతిన్న కేసులు వైద్య గ్రంథాలకెక్కాయి. నాఫ్తలీన్ నూనెలో కరుగుతుంది, అందువల్ల నూనె మర్దన చేసిన ఒంటికి ఆ బట్ట తొడగడం మరింత ప్రమాదం. పుట్టిన బిడ్డకు ఈ ఎంజైము పరీక్ష అన్ని ఆసుపత్రుల్లోనూ చెయ్యరు కనుక, బిడ్డకు ఆ లోపం ఉందో లేదో ఇంట్లోవాళ్లకు తెలిసే అవకాశం తక్కువ. కలరా ఉండల వాసన ఉన్న బట్టను ఒక పూట గాలికి ఆరేసి సరిపెట్టుకోకూడదు, పురిటి బిడ్డకు అది వద్దనుకోవడమే క్షేమం. దాచుకోవాలనుకునేవాళ్లకు ఎండిన వేపాకు ఎలాగూ ఉంది.

ఇక చలి, ఉక్క. పురిటి బిడ్డ ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ కనుక వేడి త్వరగా జారిపోతుంది. బిడ్డకు పెద్దవాళ్లలా వణికి వేడి పుట్టించుకోవడం రాదు. అందుకే పుట్టిన వెంటనే తుడిచి, తల్లి ఛాతీకి ఆనించి, పైన గుడ్డ కప్పమంటారు. బొగోటాలో 1978లో ఇంక్యుబేటర్లు చాలక ఎడ్గార్ రే సనాబ్రియా అనే వైద్యుడు తక్కువ బరువు పిల్లలను తల్లుల ఒంటికి ఆనించి ఉంచే పద్ధతి మొదలుపెట్టాడు. దాన్నే ఇప్పుడు కంగారూ సంరక్షణ అంటున్నారు. ఆ పద్ధతిలో బిడ్డ ఒంటిమీద ఉండేవి టోపీ, మేజోళ్లు, లంగోటీ మాత్రమే.

ఇంటికొచ్చాక టోపీ దగ్గరే పేచీ.

"టోపీ తీసేశావేంటే, చెవుల్లోకి గాలి పోదూ?" అంటుంది అమ్మమ్మ. "ఇంట్లో పడుకోబెట్టేటప్పుడు వద్దన్నారమ్మా డాక్టరుగారు" అంటుంది బాలింత. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. మొదటి గంటల్లో, తక్కువ బరువు బిడ్డకు, మాఘమాసపు తెల్లవారుజామున బయటికి తీసుకెళ్లేటప్పుడు టోపీ కావాలి. నెలలు నిండి ఆరోగ్యంగా ఉన్న బిడ్డ వెచ్చటి గదిలో నిద్రపోతుంటే వద్దు. ఒంట్లో ఎక్కువైన వేడి తల నుంచి కూడా బయటికి పోతుంది. పైగా టోపీ జారి ముక్కు మీద పడవచ్చు.

బిడ్డకు చలేస్తోందా, ఉక్కపోస్తోందా అన్నదానికి మన నవజాత శిశు వార్డుల్లో నర్సులకు నేర్పే పరీక్ష ఒకటి ఉంది. చేతి వెనకభాగంతో బిడ్డ పొట్టను, పాదాలను తాకాలి. రెండూ వెచ్చగా ఉంటే బాగున్నట్టు. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే బిడ్డ చలితో పెనుగులాడుతోందని, ఇంకో పొర కప్పాలని. రెండూ చల్లబడ్డాయంటే అది ప్రమాదం, డాక్టరుకు చూపించాలి. మెడ వెనక చెమట పట్టి, ఛాతీ మీద ఎర్రగా చెమటకాయలు లేచాయంటే ఉన్న పొరల్లో ఒకటి తియ్యాలి. రెంటచింతలలోనో రామగుండంలోనో వైశాఖంలో పుట్టిన బిడ్డకు, ఏసీ లేని ఇంట్లో, పలచటి నూలుజుబ్బా ఒకటి చాలు. ఆ ఎండల్లోనూ ఉన్నిస్వెట్టరు, చేతులకు సంచులు, కాళ్లకు మేజోళ్లు తొడిగి, పైన టవలు చుట్టి ఆసుపత్రి నుంచి తెచ్చేవాళ్లు కనపడుతూనే ఉంటారు. సంబరం ఎక్కువై చేసే పని, చెమటకాయలు మాత్రం బిడ్డకు.

నూలే ఎందుకంటే, మామూలు తేమలో నూలు తన బరువులో ఎనిమిదిన్నర శాతం దాకా నీటిని పట్టి ఉంచుతుంది. పాలియెస్టర్ అర శాతం కూడా పట్టదు. చెమట చర్మం మీదే నిలిచిపోతుంది. నూలుకూ ఒక గుణం ఉంది, తడిస్తే త్వరగా ఆరదు, ఒంటికి అంటుకుని చల్లబరుస్తుంది. అందుకే ఎక్కువ జుబ్బాలు, ఎక్కువ లంగోటీలు కావాలి. మొదటి వారం దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా పాస్ పోస్తుంది, పాలు కక్కడం అదనం. లంగోటీని గానీ డైపర్‌ను గానీ బొడ్డు కిందికి మడిచి కట్టాలి. బొడ్డు ఊడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, అంతదాకా అక్కడ ఎలాస్టిక్ ఒరుసుకోకూడదు.

ఉతికాక బాగా జాడించి ఎండలో ఆరేస్తే చాలు, గంజి ఊసే వద్దు. పొద్దుగూకాక పసిపిల్లల బట్టలు బయట తీగమీద ఉంచవద్దంటారు పెద్దవాళ్లు. వాళ్లు చెప్పే కారణం ఏదైనా, మంచుకు తడవడం, పురుగు వాలడం నిజమే. పాలవాసనకు చీమలు కూడా పడతాయి, తొడిగే ముందు జుబ్బాను ఒకసారి తిరగేసి దులపాలి. తిరగేసినప్పుడే లోపలి దారాలు చూడాలి. చేతిసంచుల్లో, మేజోళ్లలో కుట్టు ఊడిన దారపుపోగు ఒకటి వేలికి చుట్టుకుని బిగిస్తే రక్తం ఆడక వేలు వాచిపోతుంది. ఎంతకీ ఊరుకోకుండా ఏడుస్తున్న బిడ్డకు వేళ్లన్నీ విప్పి చూడమని పిల్లల డాక్టర్లు చెప్పేది అందుకే.

పొత్తిళ్లలో చుట్టడం మంచిదే, బిడ్డ హాయిగా నిద్రపోతుంది. కాళ్లు వంకరపోతాయన్న భయంతో వాటిని తిన్నగా లాగి బిగించి చుట్టడం మాత్రం మంచిది కాదు. పురిటి బిడ్డ కాళ్లు కప్పకాళ్లలా ముడుచుకుని ఉండటమే సహజం. లాగి కడితే తుంటికీలు జారే ప్రమాదం ఉంది. జపాన్‌లో 1975 ప్రాంతంలో ఇలా కాళ్లు చాపి కట్టవద్దని దేశమంతా ప్రచారం చేస్తే, పిల్లల్లో తుంటి జారడం బాగా తగ్గిపోయింది. ఛాతీ దగ్గర ఒద్దికగా, నడుము కింద వదులుగా చుడితే సరిపోతుంది. బిడ్డ పక్కకు దొర్లే ప్రయత్నం మొదలుపెట్టిందంటే చుట్టడం మానేయాలి.

ప్రభుత్వాలు కూడా పురిటి బట్టలు ఎంచుతాయి. ఫిన్లాండ్ 1938 నుంచి పేద తల్లులకు, 1949 నుంచి తల్లులందరికీ బట్టల పెట్టె ఇస్తోంది. తొలినాళ్ల పెట్టెల్లో గుడ్డే ఎక్కువ, జుబ్బాలు తల్లులే కుట్టుకునేవారు. తెలంగాణలో 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్‌లోనూ సబ్బు, నూనె, దోమతెరతో పాటు బిడ్డకు బట్టలు, టవళ్లు ఉండేవి.

అమెరికాలో కూతురి పురిటికి వెళ్లే అమ్మమ్మల సూట్‌కేసులో సగం పొత్తిగుడ్డలే ఉంటాయి. అక్కడ వాటికి ఒక్కచోట మాత్రం ప్రవేశం లేదు, కారుసీటులో. బెల్టు కాళ్ల మధ్య నుంచి రావాలి కనుక కాళ్లున్న బట్ట తొడగాలి. గుడ్డ చుట్టి కూర్చోబెట్టకూడదు, లావుపాటి స్వెట్టరూ వద్దు. ముందు బెల్టు బిగించి, ఆ తర్వాత పైనుంచి దుప్పటి కప్పాలి.

బారసాలకు వచ్చే బట్టల సంగతి వేరు. నెట్టు గౌను, చమ్కీలు, నడుముకు గట్టి ఎలాస్టిక్, ఇవన్నీ ఫొటో దిగేదాకా భరించి తీసెయ్యవచ్చు, లోపల ఒక నూలుజుబ్బా తొడిగితే ఆ కాసేపూ గుచ్చుకోదు. బట్టలు తెచ్చే చుట్టాలు మాత్రం కాస్త లెక్క వేసుకోవాలి. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కొంచెం తగ్గి, రెండో వారానికి పుట్టినప్పటి బరువుకు వచ్చి, ఆ పైన రోజుకు 25 నుంచి 30 గ్రాములు పెరుగుతుంది. అందరూ న్యూబోర్న్ సైజే తెస్తే సగం మడత విప్పకుండానే బిగుతైపోతాయి. పెద్ద సైజు తెచ్చేవాళ్లు పంచాంగం చూడాలి. కార్తీకంలో పుట్టిన బిడ్డకు ఆరు నెలల సైజు ఉన్నిస్వెట్టరు తెస్తే, అది ఒంటికి సరిపోయే వేళకు వైశాఖం వచ్చేస్తుంది. ఆ బిడ్డకు తేవలసింది ఆరు నెలల సైజులో చేతుల్లేని నూలుచొక్కాలు. స్వెట్టరే తేవాలనుకుంటే ఏడాది సైజు తెస్తే మళ్లీ కార్తీకానికి పనికొస్తుంది.