తాళం పగల్లేదు కాబట్టి దొంగ మనవాడే అనుకున్నాను



ఈసారి పంట గురించి కాదు, తాళం కప్ప గురించి రాస్తున్నాను. దాని గురించి రాయడానికి ఏముందని నవ్వకండి. తాళం కప్ప సంగతి తెలియక నేను ఒక మనిషిని దొంగని చేశాను. అది ఎలా జరిగిందో, తాళం లోపల ఏముంటుందో, రెండూ కలిపి చెబుతాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మూడేళ్ళ కిందట జీడి పిక్కల సీజన్లో తోట దగ్గర మోటారు షెడ్డులో నాలుగు బస్తాలు పేర్చి ఉంచాను. వ్యాపారి రెండు రోజుల్లో వస్తానన్నాడు. మర్నాడు పొద్దున్న వెళ్ళి చూస్తే రెండు బస్తాలే ఉన్నాయి. బస్తా 80 కేజీలు, ఒకడు మోసుకుపోయేది కాదు. తలుపుకి తాళం మాత్రం వేసింది వేసినట్టే ఉంది. గొళ్ళెం వంగలేదు, స్క్రూ ఊడలేదు, రేకు తెగలేదు.

ఆ తాళానికి రెండు చెవులు. ఒకటి నా మొలతాడుకి ఉంటుంది. రెండోది ఆరేళ్ళుగా మాతో పని చేస్తున్న మనిషి దగ్గర. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు వెయ్యాలి కదా, అందుకని ఇచ్చాను. పేరు రాయను. మా గొలుగొండ మండలంలోనే కొండ వార ఊరు. మా ఇంట్లో మనిషి లాంటోడు.

నా లెక్క చాలా తిన్నగా సాగింది. తాళం పగల్లేదు. అంటే చెవితో తీశారు. చెవులు రెండే. ఒకటి నా దగ్గరుంది. ఇంక మిగిలింది ఎవరు? నలుగురూ కూర్చున్న చోటే అడిగేశాను. అతను గట్టిగా అరవలేదు, ఏడవలేదు. చెవి తీసి అరుగు మీద పెట్టాడు. "తాళం నీది, సెవి నీది, మాట మాత్రం నాకొచ్చింది బావూ" అని తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ పనికి రాలేదు. రాకపోవడమే రుజువు అన్నాను నేను. నలుగురూ అవునన్నారు.

ఏడాదిన్నర గడిచింది. ఒక సాయంత్రం పక్క పొలం బావ తన షెడ్డు చెవి ఇంటి దగ్గర మర్చిపోయి వచ్చాడు. వాన మబ్బు పట్టింది. మాటవరసకి "నీది ఇలా పడెయ్ బావా, చూద్దాం" అన్నాడు. ఇచ్చాను. ఒక్కసారి అటూ ఇటూ ఆడించాడు, తాళం టక్కుమని తెరుచుకుంది. ఆయన నవ్వాడు. నాకు మాత్రం కాళ్ళలో సత్తువ పోయినట్టయింది.

ఆ రోజు వాన వెలిశాక కాలవ గట్టు పొడవునా నడిచాను. అందరివీ అదే రకం తాళాలు. నర్సీపట్నం వెళ్ళినప్పుడు చవగ్గా ఉందని ఒకరు కొంటే, చూసి మిగతావాళ్ళు కొన్నవి. పదకొండు తాళాలకి నా చెవి పెట్టి చూశాను. రెండు తెరుచుకున్నాయి. ఇంకొకటి కొంచెం కదిపితే తెరుచుకునేలా ఉంది. అంటే నా షెడ్డుకి చెవులు రెండు కాదు. ఎన్నో నాకే తెలీదు.

మర్నాడు ఆ తాళం పట్టుకుని నర్సీపట్నంలో మారుతాళాలు చేసే పెద్దాయన దగ్గరకి వెళ్ళాను. రంపంతో దాన్ని నిలువుగా కోయించాను. ఆయన చూపించింది మీకూ చెబుతాను.

సిలిండర్ తాళం అంటే ఒక గొట్టంలో ఇంకో గొట్టం. లోపలి గొట్టంలో చెవి దూరుతుంది. అది తిరిగితేనే తాళం తెరుచుకుంటుంది. రెండు గొట్టాలకీ కలిపి పై నుంచి వరసగా చిన్న చిన్న బెజ్జాలు ఉంటాయి. ఒక్కో బెజ్జంలో రెండు పిన్నులు, ఒకదాని మీద ఒకటి, వాటిని కిందకి తొక్కుతూ ఒక స్ప్రింగు. చెవి లేనప్పుడు పై పిన్ను సగం బయటి గొట్టంలో, సగం లోపలి గొట్టంలో అడ్డంగా నిలబడి ఉంటుంది. తలుపుకి గడియ వేసినట్టే. లోపలి గొట్టం తిరగలేదు.

చెవి మీద గాట్లు ఉంటాయి కదా, వాటి పని పిన్నుల్ని పైకి లేపడం. ఒక గాటు తక్కువ లేపాలి, ఒకటి ఎక్కువ లేపాలి. అన్ని బెజ్జాల్లోనూ రెండు పిన్నులు కలిసే చోటు సరిగ్గా గొట్టాల మధ్య గీత మీదకి వస్తేనే తిరుగుతుంది. ఒక్క పిన్ను ఎక్కువ లేచినా, తక్కువ లేచినా తిరగదు. మంచి తాళంలో ఒక ఎత్తుకీ పక్క ఎత్తుకీ తేడా సుమారు అర మిల్లీమీటరు. ఇదీ అసలు కిటుకు.

నా తాళంలో పిన్నుల వరసలు మూడే ఉన్నాయి. ఒక్కో వరసకి ఎత్తులు నాలుగే ఉంటాయని పెద్దాయన చెప్పాడు. లెక్క వెయ్యండి. నాలుగు నాలుగులు పదహారు, పదహారు నాలుగులు 64. అంటే ఎన్ని లక్షల తాళాలు చేసినా చెవుల్లో రకాలు 64 మించవు. అలాంటి తాళాలు పదిమంది కొంటే, ఆ పదిమందిలో ఏ ఇద్దరి చెవులైనా ఒకటయ్యే అవకాశం సగానికి పైనే. దీనికి మాయా మంత్రం అక్కర్లేదు. పైగా పాతబడితే చెవీ అరుగుతుంది, పిన్నూ అరుగుతుంది. కొద్దిగా తేడా ఉన్న చెవితో కూడా ఆడిస్తే తెరుచుకుంటుంది.

అదే అయిదు పిన్నులు, ఆరు ఎత్తులు ఉంటే 7,776 రకాలు. ఆరు పిన్నులు, ఆరు ఎత్తులైతే 46,656. వీటిలో కొన్ని రకాలు చెయ్యడానికి పనికిరావు, అవి తీసేసినా వేలల్లోనే ఉంటాయి. ఒక్క పిన్ను పెరిగితే రకాలు ఆరింతలవుతాయి. తాళం బరువు రెండింతలైతే మాత్రం ఒక్క రకం కూడా పెరగదు. మనం బజారులో తాళాన్ని అరచేతిలో పెట్టి బరువు చూసి "గట్టిదే" అంటాం. సుత్తి దెబ్బకి బరువు పనికొస్తుంది. చెవికి మాత్రం అడ్డం బరువు కాదు, పిన్నులు.

ఈ పిన్నుల తాళం కొత్తదేమీ కాదు. వేల ఏళ్ళ కిందట ఈజిప్టులో చెక్కతో ఇలాంటి తాళాలే చేసేవారు. దాన్ని లోహంలోకి, జేబులో పట్టే చిన్న చెవిలోకి తెచ్చింది అమెరికాలో లైనస్ యేల్ అనే ఆయన. 1861లోనూ, 1865లోనూ పేటెంట్లు తీసుకున్నాడు. మన దేశంలో అర్దేశిర్ గోద్రెజ్ 1897లో బొంబాయిలో తాళాల పని మొదలుపెట్టాడు. ఉత్తరాన అలీగఢ్, దక్షిణాన తమిళనాడు దిండిగల్ తాళాల ఊళ్ళు. దిండిగల్ తాళానికి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన పాత ఇళ్ళలో బరువైన లివర్ తాళాలు ఉంటాయి చూడండి, వాటిలో పిన్నుల బదులు పలచటి రేకులు ఉంటాయి. సూత్రం ఒకటే. ప్రతి రేకూ సరైన ఎత్తుకే లేవాలి.

ఇదంతా బయటకి రాస్తే దొంగలకి నేర్పినట్టు కాదా అని మా అబ్బాయి అడిగాడు. ఈ ప్రశ్న కొత్తది కాదు. 1851లో లండన్లో పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది. అప్పటికి అక్కడ బ్రామా అనే తాళం అరవై ఏళ్ళుగా దుకాణం అద్దంలో పెట్టి ఉంది, తీసినవాడికి 200 గినీలు బహుమతి అని రాసి. ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికా తాళాల పనివాడు వచ్చి పదహారు రోజుల్లో మొత్తం 51 గంటలు కూర్చుని తీశాడు. ఊరంతా గోల, ఇలా బయటపెట్టొచ్చా అని. ఆయన చెప్పిన సమాధానం సారాంశం ఒకటే, దొంగలకి ఇది మనకంటే ముందే తెలుసు, తెలియనిది సొంతదారుకే. నా విషయంలో అక్షరాలా అదే జరిగింది. కాలవ గట్టు మీద తాళాలన్నీ ఒక తీరువే అని ఎవడో కనిపెట్టాడు. కనిపెట్టనివాణ్ణి నేను.

తాళం ఎంత మంచిదైనా చెవుల లెక్క లేకపోతే అదీ వృథాయే. మన వైపు నుంచి ఏటేటా పూరీ జగన్నాథుడి దర్శనానికి వెళ్తుంటారు కదా. ఆ గుడి రత్నభాండారం లోపలి గది తాళం చెవులు లేవని 2018లో బయటపడింది. తర్వాత మారుతాళాలు అని రాసి ఉన్న కవరు దొరికిందన్నారు. 2024 జులై 14న ఆ గది తీయబోతే దగ్గరున్న చెవులతో తాళాలు తెరుచుకోలేదు. మేజిస్ట్రేట్ ఎదురుగా పగలగొట్టి తీయాల్సి వచ్చింది. దేవుడి సొమ్ముకే అలా అయితే మన షెడ్డు ఎంత? బ్యాంకు లాకరుకి రెండు చెవులు పెట్టింది అందుకే. ఒకటి మన దగ్గర, ఒకటి బ్యాంకు దగ్గర, రెండూ కలిస్తేనే లాకరు తెరుచుకుంటుంది. ఏ ఒక్కడి మీదా పూర్తి భారం పడదు, పూర్తి అనుమానమూ పడదు.

ఇప్పుడు నేను తాళం కొనేటప్పుడు చూసేవి చెబుతాను.

ఒకటి. చెవి మీద గాట్లు లెక్కపెట్టండి. అయిదుకి తగ్గితే షెడ్డుకి వద్దు. గాట్లన్నీ దాదాపు ఒకే ఎత్తులో ఉంటే అదీ వద్దు.

రెండు. అదే రకం ఇంకో రెండు మూడు తాళాలు తీయించి, ఒకదాని చెవి ఇంకోదానికి పెట్టి చూడండి. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. మీ డబ్బు మీది.

మూడు. చెవి దూరే కన్నం తిన్నగా చీలికలా కాకుండా వంకర టింకరగా ఉంటే మంచిది. వేరే రేకు ముక్కా, వేరే చెవీ దూరడం కష్టం. మన వాళ్ళు కంప్యూటర్ తాళం అంటారు కదా, గాట్ల బదులు చెవి మీద గుంటలు ఉండేది, అందులో మంచి రకానికి మారుతాళం చేయడం అంత సులువు కాదు. ఇంకా ఖరీదైన వాటిలో పై పిన్ను నడుం సన్నగా డమరుకంలా ఉంటుంది. చెవి లేకుండా కెలికితే అది మధ్యలో ఇరుక్కుంటుంది. డ్రిల్లు పెడితే తెగకుండా గట్టి ఉక్కు ముక్క కూడా ఉంటుంది.

నాలుగు. గొళ్ళెం స్క్రూలు బయటకి కనిపిస్తే ఎంత తాళమైనా దండగ. స్క్రూడ్రైవరుతో గొళ్ళేన్నే ఊడదీస్తారు. తలుపు ఆ పక్కదాకా బోల్టు వేసి, లోపల నట్టు బిగించండి.

అయిదు. బిగుసుకుపోయిందని ఇంజను ఆయిలు పొయ్యకండి. దానికి దుమ్ము పట్టి పిన్నులు ఇంకా అతుక్కుంటాయి. పెన్సిలు ముల్లు గీకి ఆ పొడి చెవికి రాసి నాలుగుసార్లు తిప్పండి.

ఆరు. చెవి ఫొటో వాట్సాప్‌లో పెట్టకండి. గాట్లు కనిపిస్తే దాన్నిబట్టి చెవి కోయగలరు. చెవి మీద నంబరు ఉంటే అదీ చూపించకండి. రాయి కింద, గూట్లో, స్టార్టరు బాక్సు వెనక పెట్టే అలవాటు మానండి.

ఏడు. ఎవరికి చెవి ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో ఒక కాగితం మీద రాసుకోండి. ఇది వాళ్ళ మీద అనుమానంతో కాదు. రేపు మాట వస్తే వాళ్ళకి కాపుదల.

ఇంక నా సంగతి. కోసిన తాళం రెండు ముక్కలూ జేబులో వేసుకుని అతని ఇంటికి వెళ్ళాను. ఒక్కణ్ణి వెళ్ళలేదు. ఆ రోజు అరుగు మీద ఉన్న నలుగుర్లో ముగ్గుర్ని తీసుకెళ్ళాను. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి కదా. తాళం చూపించాను, మూడు పిన్నులూ చూపించాను, పక్క షెడ్డు బావ చెవి సంగతి చెప్పాను. తప్పయిపోయింది అన్నాను.

అతను ఆ ముక్కల్ని వేలితో అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది కోసి సూడ్డానికి ఏడాదిన్నర పట్టింది బావూ, ఆ రోజే పక్కోడి సెవి ఎట్టి సూస్తే అరనిమిషం" అన్నాడు. అంతే. వాళ్ళావిడ మంచినీళ్ళు ఇచ్చింది. పనికి రమ్మని అడిగాను. రానన్నాడు. ఇప్పుడు వేరే రైతు దగ్గర చేస్తున్నాడు. రోడ్డు మీద కనిపిస్తే మాట్లాడతాడు, పండక్కి పిలిస్తే వస్తాడు. మా షెడ్డు తాళం మాత్రం మళ్ళీ ముట్టలేదు.

ఆ రెండు బస్తాలు ఎవరు పట్టుకెళ్ళారో ఇప్పటికీ తెలీదు. పోయినవి పోయాయి, మరుసటి ఏడు చెట్లు మళ్ళీ కాశాయి.

మీరు ఒక పని చెయ్యండి. ఈ సాయంత్రం పొలం వెళ్ళినప్పుడు పక్కవాళ్ళ చెవి అడిగి మీ తాళానికి పెట్టి చూడండి. మీది వాళ్ళకి ఇచ్చి చూడమనండి. తెరుచుకుంటే ఇద్దరూ తాళాలు మార్చండి. ఏదైనా పోయినప్పుడు మనిషిని అడిగే ముందు కూడా ఈ పనే చెయ్యండి. ఇది చెయ్యడానికి అరనిమిషం చాలు.