కోలారు గనులలో సమాధుల పండుగ

గడచిన నవంబరు 2వ తేదీన మేమూ, మా అక్కయ్యా కోలారు బంగారు గనులకు వెళ్ళివచ్చాము. బెంగుళూరు నుండి వచ్చే బండి బంగారుపేట దగ్గర పెద్దదారిని విడిచి, కోరమాండల్, ఊరుగాం, ఛాంపియన్ స్టేషన్లు దాటి మారికుప్పంలో ఆగిపోతుంది. మా పెట్టెలో చాలామంది చేతులలో చేమంతి దండలు, కొవ్వొత్తుల పొట్లాలు కనిపించాయి. ఆనాడు కాథలిక్కుల సమాధుల పండుగ.

మేము పుట్టి పెరిగింది ఇక్కడి లైన్లలోనే. 1880 ప్రాంతాన జాన్ టేలర్ కంపెనీవారు పని ప్రారంభించినది మొదలు చిత్తూరు, ఉత్తర ఆర్కాడు ప్రాంతాల నుండి తెలుగు, తమిళ కుటుంబాలు ఇక్కడ చేరాయి. 1902లోనే శివసముద్రం నుండి ఈ గనులకు విద్యుచ్ఛక్తి వచ్చింది. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. ఆ లోతులలో రాళ్ళు పేలి మీదపడి పోయినవారెందరో! 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఇప్పుడు సయనైడు దిబ్బలు మాత్రం బూడిదరంగు కొండలవలె నిలిచి ఉన్నాయి.

మా ప్రయాణానికి కారణం ఒక యాభై రూపాయలు. మా నాన్నగారు గని లోపల కొయ్యకట్టు పని చేసేవారు. ఆయనకు జోడీగా పనిచేసినాయన తమిళ కాథలిక్కు. మేము మామయ్య అని పిలిచేవాళ్ళం. 1974లో అక్కయ్య పెళ్ళికి ఆయన రెండు వందలు చేబదులిచ్చారు. తరువాత లెక్క దగ్గర మాటా మాటా వచ్చింది. అంతా తీర్చానని నాన్నగారు, ఇంకా యాభై రావాలని ఆయన. నాటినుండి ఇద్దరూ పక్కపక్కనే గనిలోకి దిగేవారు గాని పలకరించుకోలేదు. మా ఇంటిలో మామయ్యకు అబద్ధాలకోరు అనే పేరు స్థిరపడిపోయింది.

నాన్నగారు పోయిన చాలాకాలానికి ట్రంకుపెట్టెలో చిట్టాపుస్తకం బయటపడింది. అందులో ఆయన చేతివ్రాతతోనే ఉన్నది: "150 ముట్టింది. 50 బాకీ." మరచిపోయారో, పంతానికి ఒప్పుకోలేదో, ఇక చెప్పేవారు లేరు.

మామయ్య ఉన్న ఇంటిలో ఇప్పుడు వేరేవారున్నారు. గనులు మూసిన తరువాత ఆయన కొడుకు దగ్గరకు వెళ్ళారట. ఏ ఊరో ఎవరికీ తెలియదు. ఉన్నారో లేరో కూడ తెలియదు. సరే, సమాధుల తోటలోనైనా చూద్దామని వెళ్ళాము. సున్నం వేసిన సిలువల మధ్య వందల కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. తమ వారి సమాధి దగ్గర మిగిలిన కొవ్వొత్తిని, ఎవరూ రాని పక్క సమాధి మీద వెలిగించి పోతున్నారు కొందరు. పేర్లు చదువుతూ చివరిదాకా వెళ్ళాము. ఆయన పేరు లేదు.

"తమ్ముడూ, ప్రార్థన చేద్దామా?" అన్నది అక్కయ్య. మళ్ళీ తనే, "మనవాళ్ళు పోయినవారి కొరకు ప్రార్థించరు గదా?" అన్నది.

నిజమే, మాది బాప్టిస్టు కుటుంబం. కాథలిక్కులు మృతుల కొరకు ప్రార్థిస్తారు. వారి బైబిలులోని మక్కబీయుల రెండవ గ్రంథం దానికి ఆధారం. మన బైబిలులో ఆ గ్రంథం లేదు. మనం పోయినవారిని తలచి దేవునికి కృతజ్ఞత చెప్పి ఊరుకుంటాము. కాని బ్రతికి ఉన్నాడో లేదో తెలియని మనిషి మాటేమిటి?

అప్పుడు మాకు ఒనేసిఫోరు జ్ఞాపకం వచ్చాడు. పౌలు రోమాలో ఖైదీగా ఉన్నప్పుడు వెదకి వెదకి వచ్చి కనుగొన్నవాడతడు. తిమోతికి వ్రాసిన రెండవ లేఖలో పౌలు అతని ఇంటివారికి వందనాలు చెప్పాడు గాని, అతనికి చెప్పలేదు. అతని మీద మాత్రం ప్రభువు కనికరం కోరాడు. అప్పటికి అతడు జీవించి ఉన్నాడా అని పండితులు నేటికీ వాదించుకుంటారు. ఆ లేఖలోనే, కష్టకాలంలో తనను విడిచిపోయినవారి మీద ఆ నేరం మోపవద్దని కూడ పౌలు వేడుకొన్నాడు.

మామయ్య మమ్మల్ని విడిచిపోలేదు. మేమే ఆయనను దూరం చేసుకొన్నాము. అందుచేత ఆయన ఎక్కడ ఉన్నా ఆయన మీద, పిల్లల మీద దేవుని కనికరం ఉండాలనీ, మా ఇంటిలో ఆయనకు పెట్టిన పేరు మన్నించాలనీ అక్కడే నిలబడి ప్రార్థించాము. అక్కయ్య ఏడ్చింది.

అయితే ప్రార్థన బాకీ తీర్చదు. బలిపీఠం దగ్గర కానుక విడిచి, ముందు సహోదరునితో సమాధానపడమన్నారు గదా ప్రభువు. ఆ లైనులోని వారికి మా చిరునామా వ్రాసి ఇచ్చి వచ్చాము. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఇప్పుడు నాన్నగారిని తలచుకొన్న వెంటనే మామయ్య పేరు చెబుతున్నాము. చిట్టాలోని ఆ పద్దు మాత్రం ఇంకా కొట్టివేయలేదు.