ఎలగందుల మెట్ల మీద చెమటలు

పోయిన మాఘంలో నలుగురం మిత్రులం ఎలగందుల వెళ్లాం. కరీంనగర్ నుంచి సిరిసిల్ల దారిలో సుమారు 10 కిలోమీటర్లు. 1905లో కచ్చేరీలు కరీంనగర్‌కు తరలేదాకా జిల్లాకు ముఖ్యపట్టణం అదే. ఇప్పుడు మానేటి ఒడ్డున చిన్న ఊరు, పక్కన గుట్ట మీద కోట.

ముందు కోట ఎక్కి, దిగొచ్చి తిందామనుకున్నాం. సర్వపిండి డబ్బా కారులోనే ఉండిపోయింది.

సగం మెట్లెక్కాక ఒకాయనకు చేతులు వణికాయి, చొక్కా తడిసింది, మాట తడబడింది. "ఎండదెబ్బ, నీళ్లు తాగుండ్రి" అన్నారు తోటివారు. మాఘమాసంలో ఎండదెబ్బేమిటి! నుదురు ముట్టుకుంటే చల్లగా ఉంది.

"షుగరు గోళీ వేసుకున్నారా?"

"పొద్దుగాలనే వేసుకున్న. టిఫిను మీరు పెడ్తరు గదా అని ఒట్టి చాయ్ తాగి వచ్చిన."

వైద్యుణ్ణయి ఉండి నా జేబులోనూ చక్కెర పలుకు లేదు. కోట చూడవచ్చిన ఓ తల్లిని అడిగితే పిల్లవాడి పిప్పరమెంట్లు గుప్పెడు ఇచ్చింది. నమిలించాం. పావుగంటకు తేరుకున్నారు. కిందికి తెచ్చి సర్వపిండి తినిపించాం.

షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడే వారికి ఇలా జరిగితే మూడు నాలుగు చెంచాల చక్కెర వెంటనే ఇవ్వండి. పావుగంటలో తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి. కొన్ని మాత్రల ప్రభావం గంటల తరబడి ఉంటుంది కనుక, తేరుకున్నాక అన్నమో రొట్టెో తినాలి, ఆ రోజంతా ఒంటరిగా వదలకూడదు. మర్నాడు తన డాక్టరుకు చెప్పాలి.

ఒకటి ఊపితే రెండోది ఊగుతుందని చెప్పుకునే దో మీనార్ ఆనాడు చూడనేలేదు.