దువ్వెన దిగని చోట

కూకట్‌పల్లిలో ఒక జిరాక్స్ షాపు పైన, మొదటి అంతస్తులో ఉంది ఆ గ్రూమింగ్ సెంటర్. మెట్లెక్కుతుంటేనే డ్రయ్యర్ హోరు, షాంపూ వాసన. ఒకప్పుడు హైదరాబాద్ ఇళ్ళలో ఎక్కడ చూసినా తెల్ల పొమేరియన్లే. తర్వాత హచ్ ఫోన్ ప్రకటన పుణ్యమా అని పగ్‌ల కాలం నడిచింది. ఇప్పుడు అపార్ట్‌మెంట్ లిఫ్టు తలుపు తెరుచుకుంటే షిట్జు.

టిబెట్ మూలాలుండి చైనా రాజప్రాసాదాల్లో పెరిగిన జాతి ఇది. 1930లో ఇంగ్లండ్‌కు, ఆపైన నార్వేకు చేరిన కొద్దిపాటి కుక్కల సంతానమే తర్వాత ప్రపంచమంతా పాకింది. నాలుగు నుంచి ఏడు కిలోల బరువు. కాపలాకి పనికిరాదు, దొంగొచ్చినా తోకాడిస్తుంది. ఒళ్ళో కూర్చోవడమే దాని ఉద్యోగం.

నేను వెళ్ళేసరికి బల్ల మీద సింబా అనే షిట్జు ఉంది. పక్కనే దాని యజమానురాలు. "రోజూ దువ్వుతామమ్మా, మా ఇంట్లో అందరికన్నా దీనికే ఎక్కువ సేవ" అంటోంది. గ్రూమర్ అమ్మాయి ఏమీ అనలేదు. పైన బ్రష్ వేసింది, జారిపోయింది. చెవి వెనక వెంట్రుకల్ని వేలితో పాయ తీసి, చర్మం కనిపించాక స్టీల్ దువ్వెన పెట్టింది. రెండు పళ్ళు దిగి ఆగిపోయింది.

"పైపైన దువ్విన్రు ఆంటీ."

చాలా కుక్కల్లా షిట్జు వెంట్రుక ఇల్లంతా రాలదు. మన జుట్టులా పెరుగుతూనే ఉంటుంది. రాలిన వెంట్రుక కింద పడకుండా లోపలే చిక్కుకుని జడలు కడుతుంది. ఇల్లు శుభ్రంగా ఉంటుందని మురిసిపోయి కొనేవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పరు. చెవుల వెనక, ముందుకాళ్ళ చంకల్లో, హార్నెస్ పట్టీ రాసుకునే చోట ముందు మొదలవుతుంది. చిక్కు తీయకుండా స్నానం చేయిస్తే తడికి ఇంకా బిగుసుకుంటుంది.

ఆంటీ కత్తెర అందించబోయింది. అమ్మాయి వద్దంది. లాగిన చిక్కులోకి చర్మం కూడా లేచి వస్తుంది, కత్తెరకి ఆ తేడా తెలియదు. చర్మానికీ చిక్కుకీ మధ్య క్లిప్పర్ నడిపింది. రెండు నిమిషాలకోసారి ఆపి బ్లేడు తన ముంజేతికి ఆనించి చూసుకునేది. బ్లేడు వేడెక్కితే కుక్కకి చురుక్కుమంటుందట. "జర ఆగు నాన్నా, అయిపోయింది." చంకలోంచి జంపఖానా ముక్కలాంటిదొకటి ఊడి వచ్చింది. కింద చర్మం ఎర్రగా ఉంది.

"జుట్టు పొడుగ్గా ఉంచమన్నాను కదా" అని ఆంటీ నీరసపడింది. ఫొటోల్లో నేల జీరాడే జుట్టు షోలకు వెళ్ళే కుక్కలది, దాని వెనక మనిషి పని చాలా ఉంటుంది. మన ఉక్కపోతలో పొట్టి కత్తిరింపే నయమని నాకూ అనిపించింది. అలాగని నున్నగా గొరగకూడదు, చర్మం ఎండకి మాడుతుంది.

ఎండ మాట వస్తే అసలు గండం ముక్కు. పొట్టి ముక్కుతో రొప్పి ఒళ్ళు చల్లబరుచుకోవడం దీనికి కష్టం. ఇక్కడ డ్రయ్యర్ కూడా చల్లగాలే. వేసవిలో నడక తెల్లవారుజామునే. కళ్ళు పెద్దవి, గుంటలు లోతు తక్కువ. ముఖం మీది వెంట్రుక గుచ్చుకున్నా పుండు పడుతుంది. రోజూ గోరువెచ్చని నీళ్ళలో ముంచిన దూదితో తుడవాలి. కన్ను ఎర్రబడినా, సగం మూసినా అదే రోజు డాక్టరు దగ్గరికి. ఇంట్లో మిగిలిన చుక్కలు వేయడం కాదు. మెడ పట్టీ లాగితే ఊపిరికీ కంటికీ చేటని హార్నెస్ వేస్తారు. ఆ హార్నెసే చంకలో జడలు కట్టిస్తుంది! ఇంటికి రాగానే విప్పేస్తే సరి.

సింబా బల్ల దిగి ఒళ్ళు దులుపుకుని, కొత్త కుక్కలా గదంతా పరుగెత్తింది. జడలు తీసినందుకు బిల్లులో అదనంగా వేశారు. ఆంటీ మారు మాట్లాడకుండా కట్టింది. స్టీల్ దువ్వెనకి మాత్రం గట్టిగా బేరమాడింది.