పాత బొమ్మ పడవల బాగుచేత గిట్టుబాటవుతుందా?

బ్రిటన్‌లో చెరువుల్లో వదిలే పాత బొమ్మ తెరచాప పడవలను బాగుచేయడం చాలామందికి ఇష్టమైన వ్యాపకం. బర్కెన్‌హెడ్‌లో తయారైన స్టార్ యాట్ల వంటివి ఒకప్పుడు విరివిగా అమ్ముడయ్యాయి కనుక వాటికి పెద్ద ధర పలకదు. విచ్చిన అతుకులో జిగురు పట్టించి బిగించాలి; పెచ్చులూడిన రంగును గరుకు కాగితంతో రుద్దాలి; ఒక వార్నిష్ పూత ఆరాకే మరో పూత వేయాలి; చివికిన తాళ్లు మార్చాలి. ఇన్ని గంటలకు కూలి లెక్కగడితే అమ్మకం ధర చాలదు.

జర్మనీలో మెర్క్లిన్ సంస్థ 20వ శతాబ్దం తొలినాళ్లలో చేసిన రేకు ఓడలకు మాత్రం వేలంలో భారీ ధర వస్తుంది. అయితే సేకర్తలు కోరేది తొలినాటి రంగునే. వాటికి కొత్త రంగు పూస్తే విలువ పడిపోతుంది.

కాబట్టి ఇది బతుకుతెరువు కాదు. సామగ్రి ఖర్చు తిరిగివస్తే అదే లాభం; పాతవాటి మీద ప్రేమ ఉన్నవారే దీనికి పూనుకోవాలి.