పాత రేడియో: పూజయు, మరమ్మతును

మన ఇండ్లలో పాత రేడియోకు పూజ కలదు గాని పరిచర్య లేదు. దసరానాడు దానికి కుంకుమ పెట్టుదురు; అల్లిన గుడ్డ కప్పుదురు; వెనుకనున్న అట్ట విప్పి లోన ధూళి యెంత చేరెనో చూచువారు అరుదు. ముట్టకుండుటయే భక్తి యని తలచుట మనకు చిరకాలపు అలవాటు. రేడియో విషయమున ఈ యలవాటు ప్రాణాపాయము దాక పోగలదు.

హనుమకొండలో మాకు పరిచితమైన యొక ఇంట, తాతగారి సంవత్సరీకమునాడు ఆయన వాల్వు రేడియోను బంధువుల యెదుట పలికింపవలెనని మనుమలు తలపెట్టిరి. 1935లో హైదరాబాదున నిజాము ప్రభుత్వపు దక్కన్ రేడియో వెలసినది మొదలు, 1950 ఏప్రిలు 1న అది ఆకాశవాణిలో చేరువరకు, ఈ ప్రాంతపు పెట్టెలు విన్నది ఎక్కువగా ఉర్దూయే. 1948 సెప్టెంబరు 23న నిజాము చేసిన ప్రసంగమును అట్టి పెట్టెలలోనే జనులు వినిరి. అటువంటి పెట్టెపై మమకార ముండుట సహజమే. కాని 30 ఏండ్లు అటకపై నున్నదానిని దింపి, వెంటనే ప్లగ్గులో పెట్టబోగా మేము వారించితిమి. "వెలుగుతదా లేదా చూస్తే తప్పేంది సారూ?" అని పెద్ద మనుమడు నొచ్చుకొనెను.

తప్పు కలదు. వాల్వుల నడుమ మైనపు కాగితముతో చుట్టిన కండెన్సరొకటి యుండును. ధ్వనితరంగమును పోనిచ్చి, ఏకముఖ విద్యుత్తును ఆపుట దాని పని. ఏండ్లు గడచినకొలది కాగితము తేమ పీల్చి ఆ యడ్డు సడలును. లోపలి వోల్టేజి తరచు 200కు మించియుండును. అందు కొంత తుది వాల్వు గ్రిడ్డునకు జారినచో, వాల్వు మితిమీరి కాగి, తనతోపాటు ట్రాన్స్‌ఫార్మరు చుట్టను గూడ మాడ్చును. కొద్ది రూపాయల కండెన్సరును మార్చని లోభమునకు, మరల చేతితో చుట్టింపవలసిన ట్రాన్స్‌ఫార్మరు బలియగును. ప్లగ్గు తీసిన పిమ్మటను పెద్ద కండెన్సరులలో విద్యుత్తు నిలిచియుండును. దానిని తగిన రెసిస్టరు ద్వారా ఖాళీచేసి, మీటరుతో సరిచూచి గాని చేయి పెట్టరాదు. ట్రాన్స్‌ఫార్మరు లేని సెట్టులు మరింత ప్రమాదకరములు. లోపలి రేకు పీఠమే ఇంటి కరెంటును తగిలియుండవచ్చును.

ఆ ఇంట మగవారు నలుగురుండియు, ఓపిక పట్టినది ఇంటరులో భౌతికశాస్త్రము చదువు మనుమరాలే. "ఆడపిల్లకు కరెంటు పనెందుకు?" అని యొక పెద్దమ్మ అడ్డుపడెను. ఆ మాటకు మగవా రెవరును బదులు పలుకరైరి. అదియే మాకు రోతపుట్టించినది. సంవత్సరీకము కాగా, మూడు ఆదివారములు మా యెదుట ఆ పిల్ల ప్రతి కండెన్సరు విలువను, ధన ఋణ ధ్రువములను కాగితముపై గీసికొని, టంకము కరగించి, పాతవి తీసి క్రొత్తవి అతికెను. పాతవి పోయిన వస్తువు అసలుది కాదని వాదించు వారు కలరు. పాత గొట్టమును తొలిచి క్రొత్తదానిని లోన దాచు నేర్పరులును కలరు. అది ముచ్చటైన పనియే. అయినను మూగవోయిన రేడియో ఎంత అసలుదైనను మాకు కొయ్యపెట్టెయే.

తొలిసారి కరెంటు ఇచ్చునపుడు వరుసలో 60 వాట్ల తీగబల్బు నుంచితిమి. అది మెరసి మందగించినచో మేలు. కాంతి తగ్గకున్న లోన దోషము కలదు. ఎల్‌ఇడి బల్బు ఈ పనికి రాదు.

అదే అటకపై ట్రాన్సిస్టరొకటి దొరకెను. దానిలో సెల్లులు వదలివేయగా, వాని జింకు గిన్నెలు తినివేయబడి, కారిన ద్రవము స్ప్రింగులను పచ్చబరచియుండెను. వాడని పెట్టెలో సెల్లు ఉంచరాదను మాట అందరికిని తెలియును, తీయువారు లేరు.

వాల్వు రేడియో మూడవ ఆదివారపు సాయంకాలము పలికెను. తాతగారి కాలమున దాని మరను ఆయన తప్ప ఎవరును తాకరాదట. అమ్మమ్మ దగ్గర కూర్చుండి, తానే తిప్పి తిప్పి, "మన ఓరుగల్లు స్టేషను వస్తలేదేంది సారూ?" అని యడిగెను. వరంగల్లు ఆకాశవాణి ఎఫ్.ఎం. కేంద్రము, ఈ పెట్టెకు మీడియం వేవు, షార్టు వేవులే తెలియునని చెప్పితిమి. రాత్రియైన దూరపు మీడియం వేవు కేంద్రములు అందునని మనుమరాలు చెప్పగా, ఆమె భోజనము సైతము అచటికే తెప్పించుకొనెను. 9 గంటలు దాటిన పిదప ఏదో తెలియని భాషలో పాట యొకటి హెచ్చుచు తగ్గుచు వచ్చెను. అమ్మమ్మ మరను వదలలేదు.