కవచజెల్ల

కొరిడోరస్ అను మీసాల చేప దక్షిణ అమెరికా నదులలోనిది. మన జెల్లకువలెనే దీనికి మీసములును, ఱెక్కముండ్లును గలవు. ఇరుప్రక్కల ఎముకపలకలు మాత్రము దీని ప్రత్యేకత.

బరంపురమున మా యింటి గాజుతొట్టిలో మెత్తని యిసుక పఱచి ఆఱింటిని పెంచుచున్నాము. గరుకురాళ్లపై మీసములు అరిగిపోవును. ఇవి అప్పుడప్పుడు పైకెగసి గాలి మ్రింగి ప్రేవులతో శ్వాసించును. ఈ మాట నమ్మని విద్యార్థులు తొట్టికడ గంటసేపు కూర్చుండి నమ్మిరి.

గ్రుడ్లు పెట్టుటకు వీనికి వాన వచ్చినట్లు తోపవలెను. శ్రావణమున తొట్టినీరు మూడవవంతు తీసి, ఒకదినము నిలువయుంచిన చల్లని నీరు పోసితిమి. మఱునాటి యుదయమున తల్లిచేప గ్రుడ్లను పొట్టక్రింది ఱెక్కలసందున పట్టి తెచ్చి అద్దమునకు అంటించుచుండెను. పెద్దచేపలు గ్రుడ్లను తినివేయును గనుక వానిని వేఱుపాత్రకు మార్చితిమి. తెల్లబడి బూజుపట్టినవానిని ఎప్పటికప్పుడు తీసివేసితిమి. లేనిచో బూజు తక్కినవానికి ప్రాకును. నాలవనాడు పిల్లలు వెలువడెను. బ్రతికినవి పదునొకండు.

వానిలో ఆఱు బడికి చేరినవి. ఇంట తెలుగు, వీథిలో ఒడియా, చీటీలపై ఆంగ్లము చూచు మా విద్యార్థులు ఇట్టివానికి తెలుగున పేరుండదనుకొందురు. 1803లో లాసెపెద్ అను ఫ్రెంచి పండితుడు శిరస్త్రాణము, చర్మము అను అర్థములుగల గ్రీకుపదములు కూర్చి ఈ పేరు పెట్టెనని చెప్పితిమి. ఒక బాలిక క్షణమాలోచించి “కవచజెల్ల” యనెను. బడితొట్టిపై ఇప్పుడు ఆ పేరే యున్నది.